ఆ ముక్కు మా అప్పది

ఎర్ర వైన్ల మీద నేను రాసిన చిన్న పుస్తకం చదివినవాళ్ళు, నన్ను కలిసినప్పుడు ఒక వాక్యం తిరిగి నాకే చెబుతుంటారు. "మూడేళ్ళ చింతపండు జాడీ మూత తీసి, పక్కకు జరిగి నిలబడితే వచ్చే వాసన." షిరాజ్ అనే ఎర్ర వైన్ బాగా ముదిరితే ఎలా ఉంటుందో చెప్పే వాక్యం అది. మీకు ఎలా తట్టింది అని అడుగుతారు. ఇన్నాళ్ళూ నవ్వి ఊరుకున్నాను. అది నాకు తట్టలేదు. ఆ పుస్తకంలో పనికొచ్చే మాటల్లో ముప్పాతిక మా అప్పవి. మా వైపు అక్కను అప్ప అంటాం. ఆ సంగతి చెప్పకపోవడం వల్ల ఆమె ఇరవై ఏళ్ళుగా చేస్తున్న ఒక పనికి దూరమైంది. ఆ పని ఆమెకు ఎంత ముఖ్యమో తెలిసి కూడా నేను నోరు విప్పలేదు. అందుకే ఇది రాస్తున్నాను.

మాది నరసన్నపేట దగ్గర ఊరు. కిరాణా వ్యాపారం చేసే కుటుంబం. నన్ను పదో ఏట హాస్టల్లో వేశారు. తర్వాత హోటల్ ఉద్యోగాల చదువు చదివి విశాఖపట్నంలో ఒక హోటల్లో చేరాను. వడ్డనతో మొదలుపెట్టి, ఇరవై ఏళ్ళు తిరిగేసరికి వైన్ ఎలా పోయాలో, దాని గురించి అతిథికి ఏం చెప్పాలో సిబ్బందికి నేర్పేవాడినయ్యాను. అప్పను మా పక్క ఊళ్ళోనే ఇచ్చారు. బావకు చింతపండు, బెల్లం టోకు కొట్టు ఉంది. వాళ్ళ ఇంటి పెరటి గోడకు అవతల ఆ వీధి రామకోవెల వంటశాల.

నేను నేర్పే పద్ధతి గురించి ముందు చెప్పాలి. నిండైన ఎర్ర వైన్లని ఒక జాతి ఉంది. రంగు గాజులోంచి అవతలి వేలు కనపడనంత చిక్కగా ఉంటుంది. నోట్లో బరువుగా ఉంటుంది. మజ్జిగ తేటకూ గట్టి మజ్జిగకూ ఉన్నంత తేడా అన్నమాట. వాటి గురించి ఇంగ్లీషు పుస్తకాల్లో ఉన్నది నేను బట్టీపట్టి, ఎదురుగా ఉన్నవాళ్ళ చేత బట్టీ పట్టించేవాణ్ణి. బ్లాక్‌కరెంట్, సెడార్, లెదర్. బ్లాక్‌కరెంట్ అనే పండును నేను ఐస్‌క్రీం డబ్బా మీద బొమ్మగా తప్ప చూసి ఎరగను. ఒకసారి పాలకొండ నుంచి వచ్చిన ఒకాయన, నాకంటే రెండేళ్ళే చిన్న, చెయ్యెత్తి అడిగాడు.

"ఆ పండు ఎలాగుంటాదండీ?"

"ఈ వైన్‌లా ఉంటుంది," అన్నాను.

ఆయన రాసుకున్నాడు. మిగతావాళ్ళూ రాసుకున్నారు. నా అసలు పరిజ్ఞానం అంతే.

తర్వాత హోటల్ యాజమాన్యం ఈ వర్ణనలు తెలుగులో రాసిమ్మంది. పన్నెండు వైన్లు, ఒక్కోదానికి నాలుగు వాక్యాలు. నెల్లాళ్ళు కూర్చున్నా ఒక్క వాక్యం సరిగా రాలేదు. ఎండాకాలం సెలవు పెట్టి, శిక్షణలో తెరిచి మిగిలిన సీసాలు నాలుగు సంచిలో వేసుకుని అప్ప ఇంటికి వెళ్ళాను. అక్కడ పెరటి అరుగు మీద వేపగాలికి ప్రశాంతంగా ఉంటుంది.

రెండో రోజు మధ్యాహ్నం అరుగు మీద షిరాజ్ పోసిన గ్లాసు పెట్టుకుని, కాగితం ముందేసుకుని కూర్చున్నాను. అప్ప పెరటికి ఆ చివర చాప మీద చింతపండుకు పిక్కలు తీస్తోంది. ఇద్దరికీ మధ్య నాలుగు బారలు ఉంటుంది. తల ఎత్తకుండానే అంది.

"జాడీ ఎవలు తీశార్రా?"

"ఏ జాడీ?"

"పాత సింతపండు జాడీ. మూడేళ్ళది. మీ బావ కొట్లో ఉండాలి అది. ఇంట్లోకెలా వచ్చింది?"

ఇంట్లోకి ఏ జాడీ రాలేదు. నేను గ్లాసు తీసుకెళ్ళి చూపించాను. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది. "దగ్గరికి తేకు. అక్కడే ఉంచు. ఇప్పుడు ఇంకోటి కూడా వస్తన్నాది. నేరేడు పళ్ళు రోడ్డు మీద రాలి, జనం తొక్కేసి, ఎండకి మాడతాయి సూడు. అది."

నేను వెనక్కి వచ్చి, గ్లాసులో ముక్కు పెట్టి చూశాను. రెండూ ఉన్నాయి. ఇరవై ఏళ్ళుగా ఆ వైన్ పోస్తున్నాను. అవి ఉన్నాయని ఆమె చెప్పేదాకా నాకు తెలియదు.

ఆ ముక్కు ఆమెకు ఎలా వచ్చిందో చెబుతాను. కొందరు అదృష్టం అనుకుంటారు. అది పని వల్ల వచ్చింది. కోవెలలో శ్రీరామనవమికి, ధనుర్మాసంలో శనివారాలకు పులిహోర, చక్రపొంగలి ఆ వీధి ఆడవాళ్ళే వండుతారు. ఇరవై ఏళ్ళుగా పులిహోర పులుసు మా అప్ప చేతిది. నైవేద్యం కాబట్టి దేవుడికి పెట్టేదాకా చుక్క నాలిక మీద వేసుకోకూడదు. ముక్కు పెట్టి వాసన చూడడమూ తప్పే. రెండు వందల మందికి సరిపడే పులుసులో ఉప్పు, పులుపు, కారం రుచి చూడకుండా తేల్చాలి. అప్ప కళాయికి మూడు బారల దూరంలో, ముఖం పక్కకు తిప్పుకుని నిలబడుతుంది. ఆవిరి తనంతట తాను వచ్చేదాకా ఆగుతుంది.

"మనం పోయి వాసన సూడకూడదు," అనేది. "అదే మన దగ్గరికొస్తే ఏటి సేస్తాం? ముక్కు కోసుకుంటామేటి?"

ఉప్పు పడని పులుసు ఆవిరి ముక్కు చివరే ఆగిపోతుందట. ఉప్పు పడ్డది గొంతులోకి దిగుతుందట. నాకు ఇప్పటికీ ఆ తేడా తెలియదు.

అలా ఆ వారం రోజులు, తర్వాత మూడేళ్ళ పాటు నేను సీసాలతో వెళ్ళినప్పుడల్లా, ఆమె వర్ణించింది, నేను రాసుకున్నాను. కొన్ని షరతులు పెట్టింది. సీసా ఇంట్లోకి రాకూడదు. కోవెలలో వంట ఉన్న రోజు, ముందు రోజు అసలు తీయకూడదు. గ్లాసు ఆమె ముట్టుకోదు. చుక్క నోట్లో వేసుకోదు. మొదట్లో రుచి కూడా చూడమని ఒకసారి అడిగాను. నా వైపు చూసిన చూపుకు మళ్ళీ అడగలేదు.

మరి నోట్లో ఎలా ఉంటుందో ఎలా చెప్పేది? దానికి ఆమె దారి వేరే. నేను ఒక గుక్క పట్టి, మందారం మొదట్లో ఉమ్మేవాణ్ణి. వైన్ రుచి చూసేవాళ్ళందరూ ఉమ్ముతారు, లేకపోతే పదో గ్లాసుకు ఏమీ తెలియదు. ఆమె దూరం నుంచి అడిగేది.

"వగరుందా?"

"ఉంది."

"ఎక్కడ పట్టింది? పళ్ళ మీదా, బుగ్గల్లోనా?"

"బుగ్గల్లో."

"నాలిక బిగిసిందా, మొద్దుబారిందా?"

"బిగిసింది అనుకుంటా."

"అనుకోడం ఏటి, మళ్ళీ పట్టి సూడు."

మళ్ళీ పట్టేవాణ్ణి. "బిగిసింది."

"అయితే వక్క. లేత వక్క. పళ్ళ మీద పట్టి నాలిక మొద్దుబారితే నేరేడు. ఇంతకు ముందుది నేరేడు. ఇది వక్క. రాసుకో."

బావ ఒకసారి కొట్టు నుంచి భోజనానికి వచ్చి, నేను ఉమ్మడం చూసి గుమ్మంలో ఆగిపోయాడు.

"ఒరే బామ్మర్దీ, అంత దూరం నుంచి మోసుకొచ్చి మందారానికి పోస్తన్నావేటిరా? మా కొట్టుకొచ్చి బెల్లం రుచి సూసినోళ్ళు ఒక్కడైనా ఉమ్మేశాడా?"

"అది పని బావా."

"పనే. మందారం తూలతన్నాది సూడు."

గ్లాసు తిప్పి పక్కన పెడితే లోపలి గోడ మీద ధారలు మెల్లగా దిగుతాయి. మా వృత్తిలో దానికి ఒక ఇంగ్లీషు పేరుంది. అప్ప దాన్ని చూసి, "బెల్లం పాకం గరిటె వదల్లేక వదల్లేక జారినట్టున్నాది. ఉండపాకం కాదు, దానికి ముందుది," అంది. కాబర్నే అనే రకం వైన్‌లో పొగాకు వాసన ఉందని పుస్తకాలు చెబుతాయి. ఆమె, "అడ్డచుట్ట కాల్చినావిడ పక్కన బస్సులో కూకున్నట్టు," అంది. మా ప్రాంతంలో కొందరు ముసలమ్మలు చుట్టను నిప్పున్న వైపు నోట్లో పెట్టుకుని కాలుస్తారు. ఆ పొగ బయటికి తక్కువ వస్తుంది. వచ్చిన కాస్తా తడిగా, తియ్యగా ఉంటుంది. ఆ కాబర్నే సరిగ్గా అలాగే ఉంది. ఇంకోదానిలో ఉప్పుగాలి ఉందని చెప్పడానికి కళింగపట్నం రేవులో నెత్తళ్ళు ఎండేసిన ఇసుక అంది. వాళ్ళ ఇంట్లో చేప ముట్టరు. నేను ఆశ్చర్యపోతే, "తినకపోతే ముక్కు మూసుకుని బతుకుతామేటి?" అంది.

ఒక రోజు జరిగింది ముఖ్యంగా చెప్పాలి. ఒక ఖరీదైన ఇటలీ వైన్ తెచ్చాను. అంతకు ముందు రోజే విశాఖలో అదే సీసాలోంచి ఇరవై మంది సిబ్బందికి తలో గుక్క పోసి, ఇందులో వాన పడ్డ అడవి నేల వాసన ఉంటుంది, గమనించండి అని చెప్పి వచ్చాను. అప్ప ముఖం తిప్పుకుని వాసన వచ్చేదాకా ఆగింది.

"ఇది పాడైపోయిందిరా."

"పాడవడం కాదప్పా. ఇది దాని లక్షణం. మట్టి వాసన అది."

"మట్టి నాకు తెలవదేటి? ఇది గోనె. తడిసిన గోనె, ఇంకా ఆరనేదు. అందులో మూట కట్టిన సరుకు మీ బావ ఎనక్కి పంపేస్తాడు."

బిరడా చెడితే వైన్‌కు పట్టే వాసన అదే. పాఠ్యపుస్తకాల్లో తడి అట్టముక్క అని ఉంటుంది. దాన్ని నేను వందసార్లు పాఠంగా చెప్పాను. ముక్కుకు తగిలినప్పుడు మాత్రం అడవి అన్నాను.

"నిన్న ఎంతమందికి పోశావు?" అని అడిగింది.

"ఇరవై మందికి."

"పాపం," అంది. ఎవరి గురించి అన్నదో అడగలేదు.

హోటల్ కోసం రాసిన వర్ణనలు చాలామందికి నచ్చాయి. విశాఖలో ఒక చిన్న ప్రచురణకర్త, వీటిని పెంచి పుస్తకం చేద్దామన్నాడు. చేశాం. పుస్తకం ముందుమాటలో నేను, "మా నాన్న కిరాణా కొట్లో మూటల మధ్య పెరిగిన నా ముక్కు జ్ఞాపకాలే ఈ మాటలు" అని రాశాను. మా నాన్న కొట్లో నేను పదేళ్ళ దాకే ఉన్నాను. అది కూడా ఎక్కువగా బల్ల కింద ఆడుకుంటూ. అప్ప పేరు ఎక్కడా లేదు. ఆ ముందుమాట రాస్తున్నప్పుడు ఆమె గుర్తు రాలేదని చెప్పలేను. గుర్తొచ్చింది. తర్వాత రాయవచ్చులే అనుకున్నాను. ఏ తర్వాతో నాకే తెలియదు.

ముఖచిత్రం సంగతి ఇంకా అన్యాయం. ప్రచురణకర్త మన వాతావరణం ఉన్న ఫొటో అడిగాడు. నేను అప్ప ఇంటికి వెళ్ళినప్పుడు పెరటి అరుగు మీద ఆమెను గ్లాసు పట్టుకోమన్నాను. అప్పటిదాకా ఆమె గ్లాసు ముట్టుకోలేదు. ఖాళీ గ్లాసైతే పట్టుకుంటానంది. ఖాళీగా ఉంటే బాగోదని, దానిమ్మ రసం పోసి ఇచ్చాను. అవును, ఆ ముఖచిత్రం మీద ఉన్నది దానిమ్మ రసం. గ్లాసులోకి ముక్కు వంచమన్నాను.

"ఇలా ఎవలు సూస్తార్రా?" అంది.

"పుస్తకానికి అలాగే ఉండాలప్పా. అందరికీ తెలిసిన భంగిమ అది."

వంచింది. ఫోన్‌తో తీశాను. తర్వాత ఆ ఫొటోలో కళ్ళ దాకా కత్తిరించేశాను. గాజుల చెయ్యి, గ్లాసు, అందులోకి వంగిన ముక్కు, ముక్కుకు ఏడురాళ్ళ పుడక మిగిలాయి. ముఖం ఉంటే ఈమె ఎవరని అడుగుతారు. అడిగితే చెప్పాల్సి వస్తుంది. కత్తిరించడానికి వేరే కారణం లేదు.

ఆ ఏడురాళ్ళ పుడక మా అమ్మది. అంతకు ముందు మా అమ్మమ్మది. నరసన్నపేట చుట్టుపక్కల మా బంధువుల్లో ఆ పుడక ఎవరిదో తెలియని ఆడవాళ్ళు లేరు. పుస్తకం వచ్చిన వారానికి ముఖచిత్రం అందరి ఫోన్లలోకి వెళ్ళింది. ముఖం ఉండి, కింద ఈమె ఫలానా అని రాసి ఉంటే జనం దాన్ని ఏదో పని అనుకునేవారేమో. కళ్ళు కత్తిరించేసరికి దొంగచాటు వ్యవహారంలా కనిపించింది.

నవమికి ఇంకా పది రోజులుంది. నేను పుస్తకాలు ఇద్దామని వెళ్ళి, వీధి అరుగు మీద అప్పతో కూర్చుని ఉన్నాను. కోవెల వంట పెత్తనం చూసే పెద్దావిడ వచ్చింది. మాకు వరసకు పెద్దమ్మ. అప్ప మంచినీళ్ళు తెచ్చి ఇస్తే, పక్కన పెట్టింది. తాగలేదు.

"ఈ యేడు వంటకి నువ్వు రావద్దులే అమ్మీ," అంది. "మోకాళ్ళ నొప్పులంటన్నావు కదా."

"నాకెక్కడివి పెద్దమ్మా మోకాళ్ళ నొప్పులు? నీకు కదా."

"ఎవలివో ఒకలివి." ఫోన్ తీసి ముఖచిత్రం చూపించింది. "ఇదేటి?"

అప్ప ఫోన్ వైపు చూడలేదు. నా వైపు చూసింది. "ఆడు సెప్తాడు," అంది.

నేను చెప్పవలసినవి మూడు వాక్యాలు. గ్లాసులో ఉన్నది దానిమ్మ రసం. అప్ప ఎన్నడూ చుక్క ముట్టలేదు. నైవేద్యం వండే ముక్కుతో ఆమె చెప్పిన మాటలనే నేను నా పేరుతో అచ్చు వేసుకున్నాను. మూడో వాక్యం లేకుండా మొదటి రెండూ నిలబడవు. చుక్క ముట్టని మనిషి చేతిలో ఆ గ్లాసు ఎందుకుందని అడుగుతారు కాబట్టి. ఆ తర్వాతి వారం విశాఖలో ఒక సభలో, ఆ మాటలు నాకెలా దొరికాయో నేను మాట్లాడాల్సి ఉంది.

"ఫొటో కోసం పట్టుకుంది పెద్దమ్మా, అంతే," అన్నాను. "దానికీ అప్పకీ ఏ సంబంధమూ లేదు."

"సంబంధం లేనిదాన్ని ముక్కు కాడికి ఎందుకు తెచ్చుకున్నట్టు?"

నేను మాట్లాడలేదు. అప్ప కూడా మాట్లాడలేదు. ఆమె నోరు విప్పితే ఆ పది నిమిషాల్లోనే నేను అబద్ధాలకోరునని తేలిపోయేది. నా కోసం ఊరుకుంది. పెద్దమ్మ "సరేలే," అని లేచి వెళ్ళిపోయింది.

అప్ప పెరట్లోకి వెళ్ళి, నేను అక్కడే ఉంచే గ్లాసులు కడిగి, పాత చీర ముక్కలో చుట్టి తెచ్చింది. "ఇయ్యి పట్టుకెళ్ళిపో తమ్ముడా," అంది. అంతకు మించి ఆ రోజుగానీ తర్వాతగానీ ఆమె నన్ను ఏమీ అనలేదు.

విశాఖ సభలో బాగా మాట్లాడాను. చప్పట్లు కొట్టారు.

ఆ నవమికి కోవెల పులిహోర ఉప్పు కషాయమైందని బావ ఫోన్‌లో చెప్పాడు. "దేవుడికి బీపీ వస్తాదిరా ఇలాగైతే," అన్నాడు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. అప్ప ఎలా ఉందని అడిగితే, బాగానే ఉన్నాది అన్నాడు. మరుసటి ఏడూ ఆమెను పిలవలేదు. ఆ పైయేడూ పిలవలేదు. నేను వైన్ తీసుకుని ఆ ఇంటికి వెళ్ళడం మానేశాను. వెళ్ళినప్పుడు ఉత్త చేతులతో వెళ్ళేవాణ్ణి. కొత్త వైన్ల మీద రాయమని ఎవరైనా అడిగితే తీరిక లేదనేవాణ్ణి. నిజానికి రాయడానికి నా దగ్గర మాటలు లేవు. ఒకటి రెండు సార్లు ప్రయత్నించి, మళ్ళీ చింతపండు, మళ్ళీ నేరేడు రాసి కొట్టేశాను.

మొన్న చలికాలంలో బావతో రామతీర్థం వెళ్ళాను. కొండ దిగి, నీడకు కూర్చున్నప్పుడు ఆయనే ఎత్తాడు.

"మీ అప్ప నవమి పొద్దున ఏటి సేస్తాదో తెలుసా?"

"ఏం చేస్తుంది?"

"పెరటి అరుగు మీద కూకుంటాది. గోడవతల పులుసు మరుగుతా ఉంటాది కదా. ఇక్కడికి ఆవిరి వస్తాది. ఉప్పెక్కువయింది అంటాది. మెంతులు మాడాయి అంటాది. నాతో అంటాది. నాకు సెప్పి ఏటి లాభం, సెప్పు? మూడు నవములూ అదే పని. ఆళ్ళకి సెప్పొచ్చు కదే అంటే, నా మాట ఆళ్ళకెందుకు అంటాది."

ఆయన నన్ను నిందించలేదు. ఆయనకు ఆ మూడు వాక్యాల సంగతి తెలుసో లేదో ఇప్పటికీ నాకు తెలియదు.

ఆ తర్వాత నెలకు, పుస్తకం రెండో ముద్రణ వేస్తానని ప్రచురణకర్త ఫోన్ చేశాడు. ముందుమాట మార్చాలని చెప్పి, ముందు అప్ప దగ్గరికి వెళ్ళాను. ఉన్నది ఉన్నట్టు రాస్తాను, నీ పేరు వేస్తాను అన్నాను.

"పేరొద్దు," అంది. "ఊళ్ళో వచ్చిన పేరే సాలు. ఆ బొమ్మ మాత్రం తీసెయ్."

"అవునప్పా. ఆ బొమ్మ వల్లే కదా నిన్ను..."

"అది కాదురా. గ్లాసులో ముక్కెట్టి సూస్తన్నట్టు వేశావు. నేను ఎప్పుడైనా అలా సూశానా? వాసన సూడ్డం తెలిసినోళ్ళు సూస్తే ఏటనుకుంటారు?"

ఆమెకు ఇన్నాళ్ళూ ఉన్న బాధల్లో అది ఒకటని నా ఊహకు కూడా రాలేదు. ఈ వ్యాసం ఉన్న ముద్రణకు ఆ బొమ్మ ఉండదు. పేరు కూడా ఆమె వద్దన్నట్టే వేయలేదు.

తర్వాత పెద్దమ్మ ఇంటికి ఒక్కణ్ణే వెళ్ళాను. దానిమ్మ రసం నుంచి మొదలుపెట్టి అంతా చెప్పాను. ఆవిడ బియ్యంలో రాళ్ళు ఏరుతూ విన్నది.

"అయితే తాగనేదా?"

"లేదు పెద్దమ్మా. ముట్టుకోనే లేదు."

"నీ రాతలన్నీ దానియా?"

"ముప్పాతిక ఆమెవే."

"మరి ఆ రోజు బెల్లం కొట్టిన రాయిలా కూకున్నావేటి?"

"నా పేరు పోతుందని."

ఆవిడ ఒక రాయి ఏరి పక్కన పారేసింది. "ఆ రోజే సెప్పుంటే ఒక మాటతో పోయేది," అంది. "ఇప్పుడా గరిటె నా కోడలు పట్టుకున్నాది. మూడేళ్ళు తిట్లు తిని నేర్సుకుంటన్నాది. దాని సేతిలోంచి నేనెలా లాగుతాను?"

అయినా ఆవిడ మర్నాడు అప్ప దగ్గరికి వెళ్ళింది. ఇచ్చిన మంచినీళ్ళు తాగిందట. ఈ యేడు నువ్వు రా అమ్మీ అని అడిగిందట. అప్ప, "కోడలు సేస్తన్నాది కదా పెద్దమ్మా, సెయ్యనీ," అందట. ఇది బావ చెప్పాడు. కోపంతో అన్నదా అని అడిగాను. కాదన్నాడు. ఆ కోడలు గుంట మాత్రం ఏం చేసింది పాపం, అని తర్వాత ఆయనతో అన్నదట.

ఈ నవమికి నేను వెళ్ళాను. పొద్దున్నే అప్ప స్నానం చేసి, తడి జుట్టు ముడి వేసుకుని, పెరటి అరుగు మీద కూర్చుంది. నేను రెండో చివర కూర్చున్నాను. గోడ అవతల గరిటెల చప్పుడు, ఆడవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి. కాసేపటికి ఇంగువ పోపు వాసన వచ్చింది. ఆ తర్వాత పులుసు. నాకు తెలిసింది అంతే. అప్ప ముఖం పక్కకు తిప్పుకుని ఉంది. కళ్ళు మూసుకోలేదు. మందారం వైపు ఊరికే చూస్తోంది.

"ఉప్పు పడనేదు," అంది.

నేను గోడ వైపు చూశాను.

"నీకే సెప్తన్నాను. ఎల్లి సెప్పు."

"ఏమని?"

"ఏమనేటి. ఉప్పు పడనేదని. అన్నంలో కలిపేశాక ఏటి సేస్తారు?"

పెరటి తలుపు తీసుకుని, సందులోంచి కోవెల వంటశాలకు వెళ్ళాను. మగవాళ్ళు గడప దాటి లోపలికి వెళ్ళరు. గుమ్మం బయట నిలబడ్డాను. పెద్దమ్మ పీట మీద కూర్చుని ఉంది. ఆవిడ కోడలు కళాయి దగ్గర గరిటెతో ఉంది. ఇంకో అయిదారుగురు ఆడవాళ్ళు ఉన్నారు. అందరూ తలతిప్పి చూశారు.

"మా అప్ప చెప్పమంది," అన్నాను. "పులుసులో ఉప్పు పడలేదట."

కోడలు అత్తగారి వైపు చూసింది. పెద్దమ్మ నా వైపు చూసింది.

"ఏ పులుసులో? రెండు కళాయిలున్నాయి."

నాకు తెలియదు. వెనక్కి వెళ్ళాను. అప్ప నేను అడగకముందే, "మా గోడ వైపుది," అంది. మళ్ళీ వెళ్ళి చెప్పాను. కోడలు నొసలు కొట్టుకుంది. "ఆ రెండోదాన్లో ఏశాననుకున్నానత్తా," అంది. ఉప్పు డబ్బా తీసి, చేత్తో పట్టుకుని ఆగింది.

"ఎంత?" అంది నాతో.

మళ్ళీ వెనక్కి తిరిగాను. నాలుగు అడుగులు వేశానో లేదో, పెద్దమ్మ పీట మీంచి లేచి, గోడ దగ్గరికి వచ్చి, నేను వెళ్ళేదాకా ఆగకుండా గోడ మీంచి అప్పనే గట్టిగా పిలిచింది.

"ఒసే, ఎంతెయ్యమంటావే?"

గోడ అవతల నుంచి అప్ప గొంతు వినపడింది. "దాని పిడికిలికి రెండు. నీ పిడికిలికయితే మూడు పెద్దమ్మా, నీది సిన్నది."

లోపల ఆడవాళ్ళు నవ్వారు. కోడలు పిడికిలి పట్టి వేసింది. అప్పా పెద్దమ్మా గోడకు ఈ పక్కా ఆ పక్కా నిలబడి మెంతుల గురించి మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. నేను సందులో కాసేపు నిలబడి, వాళ్ళకు నాతో పని లేదని తెలిశాక, వీధి వైపు నుంచి ఇంట్లోకి వెళ్ళాను.